అటక మీది గ్రామఫోను, తాతయ్య గొంతున్న ఒకే ఒక్క ప్లేటు

తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొంది, ప్రస్తుతం విజయవాడలో తల్లితో కలిసి ఉంటున్న అరవై మూడేళ్ల పాఠకుడొకరు ఈ వారం ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆయన తల్లికి ఎనభై ఏడేళ్లు. ఆమె తండ్రి పౌరాణిక నాటకాలలో వేషాలు కట్టేవారు. ముప్పైలలో వచ్చిన ఒక నాటకం రికార్డుల సెట్టులో ఆయన పాడిన రెండు పద్యాలు ఒక ప్లేటు మీద ఉన్నాయి. ఆ సెట్టునూ, పెట్టెలాగా మూసి చేత పట్టుకుపోగలిగే హెచ్.ఎం.వి. 102 గ్రామఫోనునూ ఆయన కూతురికి పెళ్లినాడు ఇచ్చి పంపారు. ఊళ్లోని ఇల్లు అమ్మేటప్పుడు ఇవి రెండూ అటక మీద గోనెపట్టాల కింద దొరికాయి. గ్రామఫోను బాగుచేసి, అమ్మ పుట్టినరోజు నాడు చెప్పకుండా ఆమెకు తండ్రి గొంతు వినిపించాలని పాఠకుడి కోరిక.

వీడియోలు చూసి ఆయన పని మొదలుపెట్టారు. కీ ఇస్తే పళ్లెం తిరుగుతోంది కానీ, లోపల ఎవరో తలుపు మీద గుద్దినట్టు ఢబ్బున చప్పుడు వస్తోంది, వేగం తగ్గి మళ్లీ పుంజుకుంటోంది. మోటారును పైకి తీసి, పళ్ల చక్రాలకు కొబ్బరినూనె వేశారు. ముల్లు కదలికను శబ్దంగా మార్చే గుండ్రటి సౌండ్‌బాక్సు స్క్రూలు వదులు చేసి, లోపలి రేకు కనబడగానే భయపడి ఆపేశారు. ఇంతలో హైదరాబాదులో ఉండే తమ్ముడికి సంగతి తెలిసి, "నూరేళ్ల నాటి వస్తువు, లక్షలు పలికేది, చేతులారా పాడుచేశావు" అని కోప్పడి ఫోను పెట్టేశారు. రెండు నెలలుగా అన్నదమ్ములకు మాటలు లేవు. పాతసామాన్ల దుకాణదారు ఒకాయన మోటారు తీసి కొత్త చెక్కపెట్టెలో బిగించి, పైన ఇత్తడి బూరా పెట్టి తళతళలాడేలా చేసి ఇస్తానన్నారు. పాఠకుడి మనవడికి ఆ ఆలోచన బాగా నచ్చింది. తాతగారి ప్లేటుకు అంచు నుంచి లోపలికి అంగుళం మేర వెంట్రుకవాసి పగులు ఉంది. "నేను చేసింది తప్పా? స్ప్రింగు డబ్బా విప్పమంటారా? దుకాణానికి ఇచ్చేయమంటారా? తమ్ముడికి ఏం చెప్పమంటారు?" అన్నవి ఆయన ప్రశ్నలు.

మాస్టారూ,

మీ ఉత్తరంతో పాటు పంపిన ఫొటోలను భూతద్దం పెట్టి మరీ చూశాను. ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. మీరు ఇంతవరకు చేసిన దానిలో సరిదిద్దుకోలేనిది ఏదీ లేదు. విరిగింది లేదు, పోయింది లేదు. సౌండ్‌బాక్సు దగ్గర భయం వేసి ఆగిపోయానని మీరు సిగ్గుపడుతూ రాశారు. ఈ పని చేసేవాళ్లకు ఉండవలసిన మొదటి లక్షణం ఆ ఆగడమే. ఆగనివాళ్లు పాడుచేసి తెచ్చిన రేకులు నా బల్ల సొరుగులో చాలా ఉన్నాయి.

అయితే మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. గ్రామఫోను ఒకటి, ప్లేటు ఒకటి, అన్నదమ్ముల మాట ఒకటి. మీరు మూడింటినీ కలిపి "బాగుచేయడం" అంటున్నారు. వీటిలో గ్రామఫోను పాడైతే మరొకటి దొరుకుతుంది. 102 రకం 1931లో వచ్చింది, అందువల్ల దానికి నూరేళ్లు నిండే అవకాశమే లేదు; అది ఏళ్ల తరబడి, పెద్ద సంఖ్యలో తయారైన నమ్మకమైన యంత్రం, అరుదైనది కాదు. తమ్ముడుగారు ఊహిస్తున్న లక్షల మాట నిలవదు. కానీ తాతగారి గొంతున్న ఆ ప్లేటుకు జంట మీకు ఎక్కడా దొరకకపోవచ్చు. మీరిద్దరూ రెండు నెలలుగా యంత్రం గురించి వాదించుకుంటున్నారు. జాగ్రత్త పడవలసిన వస్తువు మాత్రం గోధుమరంగు అట్ట సంచిలో ఉన్న ఆ పది అంగుళాల ప్లేటు. కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఆ ప్లేటు లక్కతో చేసినది. లక్కలో మెత్తగా నూరిన రాతిపొడి, మసి కలిపి అచ్చువేసేవారు. రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లు దాని మీద తిరిగే మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి సరిపోవాలి. అంటే ప్లేటు ముల్లును అరగదీస్తుంది; అలా అరిగిన ముల్లు పక్కనుంచి చూస్తే ఉలి అంచులా తయారై, తర్వాత ప్లేటును అరగదీస్తుంది. ఒక వైపుకు ఒక ముల్లు వాడి పారేయాలని పెద్దలు చెప్పింది అందుకే. పైగా మీ గ్రామఫోను సౌండ్‌బాక్సు ప్లేటు మీద మోపే బరువు నూరు గ్రాములకు మించి ఉంటుంది. మూడు, నాలుగు గ్రాములతో నడిచే ఈనాటి రికార్డు ప్లేయరు పికప్పుతో పోల్చి చూడండి. అంచు నుంచి అంగుళం పగులు ఉందన్నారు. పాట ప్లేటు బయటి అంచు దగ్గరే మొదలవుతుంది కాబట్టి, మొదటి నిమిషం అంతా ఆ బరువు పగులు మీదుగానే, నిమిషానికి డెబ్భై ఎనిమిది సార్లు దాటుతుంది. ఏమీ కాకపోవచ్చు. పగులు ఇంకో అంగుళం పాకవచ్చు. ముల్లు అంచుకు తగిలి గాడి పెచ్చు ఊడిపోనూవచ్చు. ఊడిన పెచ్చుతో పాటు ఒక అక్షరమో, రాగంలో ఒక విరుపో పోతుంది, అది తిరిగి రాదు.

అందుచేత, మీరు తక్కిన విషయాలలో ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ ప్లేటును గ్రామఫోను మీద పెట్టకముందే ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకోమని నా విన్నపం. దీనికి 78 వేగంతో తిరిగే ఎలక్ట్రిక్ టర్న్‌టేబులు, దానికి 78 ప్లేట్ల కోసం ప్రత్యేకంగా చేసిన లావు మొన గల స్టైలస్, అంటే ముల్లు, కావాలి. తర్వాతి కాలంలో వచ్చిన ఎల్పీ (లాంగ్ ప్లే) ప్లేట్లకు వాడే సన్నటి మొన ఈ గాడి అడుగున పడి, అక్కడి దుమ్మునూ అరుగునూ గీరుకుంటూ పోతుంది. శబ్దం గరగరలాడి, ప్లేటే పాడైపోయిందని మనం అపోహ పడతాము. ఎల్పీ మొనకు నాలుగింతల లావున్న మొన గాడి గోడల మీద, అరగని చోట ఆనుతుంది. పగులు దగ్గర వచ్చే టక్కుటక్కు చప్పుళ్లను తర్వాత కంప్యూటరులో ఒక్కొక్కటిగా తీసివేయవచ్చు. పాత పాటలు సేకరించేవారిలో ఈ సరంజామా ఉన్నవాళ్లు మీ ఊళ్లోనూ హైదరాబాదులోనూ ఉంటారు. ప్లేటును వాళ్లకు పార్సిల్ చేయవద్దు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ఒళ్లో పెట్టుకుని మీరే తీసుకువెళ్లండి, పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి.

ఇందులో ఇంకొక లాభం ఉంది. 1925 నుంచి రికార్డింగు మైకు ముందు జరగడం మొదలైంది. ముప్పైలలో వచ్చిన సెట్టు కాబట్టి మీ తాతగారు మైకు ముందే పాడి ఉంటారు. ఆ గాడిలో ఉన్న స్వరం, సౌండ్‌బాక్సు బయటకు తీయగలిగిన దానికంటే ఎక్కువ. మీ అమ్మగారికి ఎడమ చెవి సరిగా వినబడదని రాశారు. మంచి హెడ్‌ఫోనులో, కావలసినంత గట్టిగా, తండ్రి ఊపిరి తీసుకోవడం కూడా ఆమెకు వినిపించే అవకాశం ఉంది. గ్రామఫోను ఇవ్వగలిగింది వేరే అనుభవం. మూత తెరవడం, కీ తిప్పుతుంటే వచ్చే కరకర, ముల్లు వాలగానే వచ్చే సొద, ఆ సొదలోంచి పద్యం లేవడం, ఇవన్నీ ఆమె చిన్ననాటివి. రెండూ కావాలనిపిస్తే రెండూ ఇవ్వవచ్చు. సెట్టులోని వేరే ప్లేట్లు, అంటే పగులు లేనివి, ఇతరులు పాడినవి గ్రామఫోను మీద పెట్టి, తాతగారి పద్యాలు మాత్రం హెడ్‌ఫోనులో వినిపించవచ్చు. లేదా ఎక్కించుకోవడం పూర్తయ్యాక, తెలిసి తెలిసి, మెత్తని స్వరానికి వాడే సన్నముల్లు కొత్తది బిగించి, అదే ప్లేటును ఒక్కసారి గ్రామఫోను మీద తిప్పవచ్చు. ఒక్కసారి తిప్పినంత మాత్రాన గొంతు చెరిగిపోదు. పగులు మాట మాత్రం నేను పూచీపడలేను.

ప్లేట్లను శుభ్రం చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త ముఖ్యం. స్పిరిటుతో గానీ, స్పిరిటు కలిసిన ఏ ద్రవంతో గానీ తుడవవద్దు. మన వడ్రంగులు బీరువాలకు వేసే లక్కపాలిష్ స్పిరిటులో కరుగుతుందని మీకు తెలుసు కదా; ఈ ప్లేటు కూడా అదే లక్క. పగులు లేనివాటిని సబ్బు చుక్క వేసిన చల్లటి నీటితో, లేబులు తడవకుండా, మెత్తటి కుంచెతో గాడి వెంట తుడిచి నీడలో ఆరబెట్టండి. పగులుబారిన దానికి నీళ్లు తగలనీయక, పొడి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి. ఎండాకాలంలో మేడ మీది గదిలో పడుకోబెట్టి ఉంచితే ప్లేట్లు అప్పడాల్లా వంగుతాయి, నిలువుగా పేర్చండి.

ఇక గ్రామఫోను. మీరు విన్న ఢబ్బు చప్పుడుకు కారణం మోటారు చెడిపోవడం కాదు. కీ తిప్పినప్పుడు డబ్బాలో చుట్టుకునేది అంగుళం వెడల్పు, పది అడుగులకు పైగా పొడవున్న ఉక్కు పట్టీ. దాని చుట్ల మధ్య వేసిన గ్రాఫైటు గ్రీజు ఇన్నేళ్లలో తారులాగా గట్టిపడింది. చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, బలం పెరిగేసరికి ఒక్కసారిగా విడిపోతున్నాయి. ఆ విడిపోవడమే మీరు విన్న గుద్దు. వేగం తగ్గి పుంజుకోవడానికి అది సగం కారణమైతే, మిగతా సగం గవర్నరు. సన్నని రేకు స్ప్రింగుల మీద మూడు గుండ్లు బిగించిన ఆ చిన్న బొంగరం వేగంగా తిరిగినప్పుడు, గుండ్లు విచ్చుకుని ఒక బిళ్లను మెత్తకు ఒత్తుతాయి. ఆ ఒరిపిడే వేగాన్ని నిలుపుతుంది. ఆ మెత్త ఎండిపోయి ఉంటే వేగం నిలవదు, ఒక్కోసారి కీచుమంటుంది. దానికి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు.

కొబ్బరినూనె మాత్రం తీసేయాలి. మన పెద్దవాళ్లు తలుపు బందులకు వేసినట్టే మీరూ వేశారు, తప్పు పట్టను. కానీ డిసెంబరు చలికి అది పేరుకుంటుంది, కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టి చక్రాలను బిగించేస్తుంది. కీ పూర్తిగా దిగేదాకా మోటారును తిరగనిచ్చి, చిన్న కుంచెతో, కిరసనాయిలుతో ప్రతి పన్ను మధ్యా కడిగి, పాత నూలుగుడ్డతో తుడిచి, ఇరుసులకు కుట్టుమిషను నూనె, పళ్ల చక్రాలకు పలుచగా గ్రీజు పెట్టండి. ఇంతవరకు మీ చేతులతో మీరు నిర్భయంగా చేసుకోగల పని. గవర్నరు గుండ్లను పట్టుకుని ఎత్తవద్దు, వాటి రేకులు తేలిగ్గా వంగుతాయి.

స్ప్రింగు డబ్బా విప్పడం వేరే సంగతి. పళ్లెం ఆగిపోయింది కదా, కీ దిగిపోయింది కదా అనుకుంటాము. అయినా డబ్బాలో పట్టీ దాని గోడలను ఒత్తుకుని, బయటకు దూకడానికి కాచుకునే ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట, చేతితొడుగు లేకుండా మొదటి డబ్బా మూత తీసిన రోజున నా కుడి బొటనవేలు మొదలు దగ్గర ఎముక కనిపించేంత తెగింది. ఈనాటికీ చలికాలంలో ఆ చోట తిమ్మిరిగా ఉంటుంది. మీ ముందు మూడు దారులున్నాయి. డబ్బా విప్పకుండా ఇలాగే వాడుకోవడం ఒకటి. ఏడాదికి నాలుగైదు ప్లేట్లు వినడానికి అది సరిపోతుంది, సగం కీతోనే సరిపెట్టుకోండి, అప్పుడప్పుడు గుద్దు వినబడుతుంది, ఏదో ఒక రోజు పట్టీ విరగవచ్చు కూడా. కొన్ని డబ్బాలకు గ్రీజు కోసం చిన్న స్క్రూ రంధ్రం ఉంటుంది. మీ దానికి ఉంటే అందులోంచి కొద్దిగా పల్చటి నూనె పంపి, రెండు రోజులు ఊరనిచ్చి చూడవచ్చు. రెండవది, మోటారు అంతా ఇవ్వకుండా డబ్బా ఒక్కటే విడదీసి, పెద్ద గోడగడియారాల స్ప్రింగులు మార్చిన అనుభవం ఉన్న మెకానిక్కు దగ్గర, మీ కళ్లముందే విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, కొత్త గ్రాఫైటు గ్రీజు పెట్టించడం. మీ స్థానంలో నేనుంటే ఇదే చేస్తాను. మూడవది మీరే విప్పడం. తోలు తొడుగులు, కళ్లకు అద్దాలు, డబ్బాను గోనెగుడ్డలో చుట్టి పట్టుకునే మరొక మనిషి ఉంటే అది అసాధ్యం కాదు. మనవడు గదిలో ఉండగా మాత్రం వద్దు.

సౌండ్‌బాక్సు స్క్రూలను ఎలా వదులు చేశారో అలాగే, ఎదురెదురువి ఒక్కొక్క పావు చుట్టు చొప్పున, తిరిగి బిగించండి. ఒక పక్కదే బిగిస్తే లోపలి అల్యూమినియం రేకు ఒరిగిపోతుంది. దాని చుట్టూ, వెనక మెడ దగ్గర ఉండే రబ్బరు ఇన్నేళ్లకు కొమ్ములా గట్టిపడి ఉంటుంది; బొంగురుగా వస్తోందని మీరు రాసిన శబ్దానికి అదే కారణం కావచ్చు. ఆ రబ్బరు మార్చడం చేయి తిరిగినవాళ్లు చేయవలసిన పని. రేకు మీద గోరు పడినా స్వరం పాడవుతుంది. కొత్త సౌండ్‌బాక్సు తక్కువ ధరకు ఇస్తామని ఎవరైనా అంటే, మీది పారేయకుండా పక్కన దాచుకుని, ముందు ఆ కొత్తదాన్ని విని చూడండి. చూడముచ్చటగా ఉండి, రేకుడబ్బాలో మాట్లాడినట్టు పలికే నకళ్లు బజారులో చాలా ఉన్నాయి. క్రోము పూత ఉన్న భాగాలను ఇత్తడి బిందెలను తోమినట్టు చింతపండుతో తోమవద్దు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

ఇత్తడి బూరా సంగతి చెప్పాలి. మీ పెట్టెకు బూరా లేదని మనవడు అనుకుంటున్నాడు, నిజానికి ఉంది. పెట్టె లోపలే, మోటారు పలక కింద మడిచి పెట్టి ఉంది. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తెరిచిన మూత గోడలా నిలబడి ముందుకు పంపుతుంది. ఆ బూరాను ఆ సౌండ్‌బాక్సు కోసమే కొలిచి చేశారు. మోటారు ఊడదీసి కొత్త చెక్కపెట్టెలో పెట్టి, పైన ఇత్తడిది బిగించి, కుక్కబొమ్మ అతికించినవి బొంబాయి చోర్ బజారు మొదలుకుని అన్ని ఊళ్లలోనూ అమ్ముతున్నారు. హాలులో అందంగా ఉంటాయి. ఆ దారి మీరు ఎంచుకుంటే, ఇంటికి వచ్చినవాళ్లు మెచ్చుకునే వస్తువు మీకు దక్కుతుంది. అమ్మగారు పెళ్లినాడు తెచ్చుకున్న పెట్టె మిగలదు, పనితనం తెలిసినవాళ్లకు దాని విలువా మిగలదు, తమ్ముడుగారి కోపానికి అప్పుడు నిజమైన కారణం దొరుకుతుంది. మనవడికి బూరా మీద అంత మనసుంటే, అలాంటిది వేరే ఒకటి కొనివ్వండి. దాని మీద కానీ, మీ దాని మీద కానీ ఎల్పీలు పెట్టనివ్వకండి. ఒక్క దెబ్బకు గాడి నాశనమైపోతుంది.

తమ్ముడుగారి మాటకు వస్తాను. ఆయన కోపంలో ధర గురించిన భాగాన్ని తీసేసి చదివితే, "నన్ను అడగకుండా విప్పావు" అన్నదే మిగులుతోంది. ఆ మాటలో న్యాయం ఉంది, తాతగారు ఆయనకూ తాతగారే. మీరు ఉత్తరం రాస్తే, విప్పిన ప్రతి దశలో ఫొటో తీసి ఉంచానని, ఒక్క స్క్రూ కూడా పోలేదని చెప్పండి. పోయిన మాట నిజమైతే అది కూడా చెప్పండి. ప్లేటును ఎక్కించుకోవడానికి ఇద్దరూ కలిసి వెళదామని అడగండి. హైదరాబాదులో అలాంటివారిని వెతికే పని ఆయనకే అప్పగించవచ్చు. ఒప్పుకుంటే రెండు నెలల మౌనం ఆ ప్రయాణంలో కరుగుతుంది. ఒప్పుకోకపోతే, ఎక్కించిన దాని నకలు ఒకటి ఆయనకు ముందుగా పంపి, ఆ తర్వాతే అమ్మగారికి వినిపించండి.

మీ ఏడు పేజీలలోనూ నాకు కనబడనిది ఒకటి ఉంది. ఆ పెట్టె, ఆ సెట్టు ఎవరివో వారిని మీరిద్దరిలో ఎవరూ అడగలేదు. చెప్పకుండా వినిపించి ఆశ్చర్యపరచాలన్న మీ ముచ్చట నాకు అర్థమైంది. అయినా ఎనభై ఏడేళ్ల వయసులో, డెబ్భై ఏళ్ల కిందట పోయిన తండ్రి గొంతు ఉన్నట్టుండి పక్కగదిలోంచి వినబడితే ఆమె గుండె ఎలా తీసుకుంటుందో మీరూ నేనూ చెప్పలేము. కొందరికి అది వరం. కొందరు ఆ గొంతు కోసం ముందు కాసేపు సిద్ధపడాలనుకుంటారు, ఎవరితో కలిసి వినాలో వాళ్లే నిర్ణయించుకోవాలనుకుంటారు. చెప్పేస్తే మీ ఆశ్చర్యం పోతుంది. బదులుగా ఆ పద్యాలు పాడిన రోజుల గురించి, ఆ వేషం గురించి, మద్రాసుకో మరెక్కడికో వెళ్లి ప్లేటు ఇచ్చి వచ్చిన ప్రయాణం గురించి ఆమె చెప్పే మాటలు మీకు దక్కవచ్చు. పగులు సంగతి విన్నాక "నా గ్రామఫోను మీదే పెట్టరా, ఏమైతే అదవుతుంది" అని ఆమె అంటే, ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది. నకలు ఒకటి అప్పటికే మీ చేతిలో ఉంటుంది కాబట్టి మీరు నిబ్బరంగా ముల్లు వాల్చగలరు.

ఆ రోజు వచ్చినప్పుడు, ముందుగా వేరే ప్లేటు మీద వేగం సరిచూసుకోండి. ప్లేటు కింద తెల్ల కాగితం ముక్క ఒకటి అంచు దాటి కనబడేలా పెట్టి, ముల్లు ప్లేటు మీద నడుస్తుండగా అర నిమిషం లెక్కపెడితే అది ముప్పై తొమ్మిది సార్లు మీ ముందు నుంచి పోవాలి. తక్కువైతే మీ తాతగారి గొంతు బరువెక్కుతుంది, ఎక్కువైతే పల్చబడుతుంది, అమ్మగారు ఇట్టే పసిగడతారు. ముళ్ల డబ్బాలో దొరికాయని మీరు రాసిన తుప్పుపట్టినవన్నీ పారేసి, కొత్త పొట్లం తెప్పించి ఉంచుకోండి. విన్న తర్వాత మిగిలిన కీ దిగేదాకా పళ్లేన్ని ఊరికే తిరగనిచ్చి, అప్పుడు మూత వేయండి.